డాక్టరుకి చెప్పని పసుపు మాత్ర

పరాయి దేశంలో, ద పాండ్స్ అనే ఈ శివారులో, మా వీధివాళ్లకి నేను లెక్కల మనిషిని. చదువు ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే ఆగిపోయింది. ఇక్కడికొచ్చాక ఒక గిడ్డంగిలో పెట్టెలు మోశాను. తర్వాత అదే గిడ్డంగిలో ఏ సరుకు ఎంత ఉందో చూసే కుర్చీలోకి వచ్చాను. స్ప్రెడ్‌షీట్లు నాకెవరూ నేర్పలేదు. కొత్తగా వచ్చిన పిల్లలకి ఇక్కడే స్థిరపడడానికి కావలసిన పీఆర్ పాయింట్లు లెక్కకట్టి పెట్టడంతో నా పేరు పడింది. వయసుకి ఇన్ని, ఇంగ్లీషుకి ఇన్ని, అనుభవానికి ఇన్ని. ఒక గడిలో తగ్గితే ఇంకో గడిలో తెచ్చుకోవచ్చు. వీసా ఏజెంటు కుదరదన్న పిల్లాడికి మా డైనింగ్ టేబుల్ మీద ఐదు పాయింట్లు వెతికిపెట్టిన రోజులున్నాయి. ఆ పిల్లలు ఇప్పుడు ఇళ్లు కట్టుకున్నారు. కనపడితే చెయ్యి ఊపుతారు.

ఆ పాయింట్ల పట్టిక గుణం ఏమిటంటే, అందులో అన్నీ కూడతాయి. దేన్ని దేని పక్కన పెట్టినా పేచీ రాదు. ఏళ్ల తరబడి అలాంటి పట్టికలతో బతికినవాడికి లోకమంతా అలాగే ఉంటుందనిపిస్తుంది. మా ఆవిడ మందుల్ని కూడా నేను అలాగే కూడేశాను.

మా ఆవిడ బస్సు నడుపుతుంది. మొదట్లో మావాళ్లు నవ్వారు. ఎమ్మెస్సీ చదివి బస్సేమిటన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. పన్నెండున్నర మీటర్ల బండిని ఇరుకు రౌండెబౌట్‌లో తిప్పి, వెనక చక్రం గట్టు ఎక్కకుండా బయటికి తెచ్చినప్పుడు ఉండే సంతోషం ఏ ల్యాబులోనూ తనకి దొరకలేదనేది. తొమ్మిదేళ్లు నడిపింది. ఒక్క గీత పడలేదు.

ఆ మార్చిలో ఒక మధ్యాహ్నం, ఎవరిదో కారు సిగ్నల్ ఇవ్వకుండా అడ్డం తిరిగితే ఆవిడ బ్రేకు వేసింది. కారుకి తగల్లేదు. బస్సులో నిలబడి ఉన్న ఒక ముసలావిడ పడిపోయింది. మణికట్టు విరిగింది. తప్పు ఆవిడది కాదని డిపో వాళ్లు కెమెరా చూసి తేల్చారు. అయినా మర్నాడు స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణికాయి. వారం తిరిగేసరికి ఇంటి దగ్గర మా కారు తియ్యడానికి కూడా గుండె దడ.

జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళ్లాం. ఆ డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విని, ఆందోళన తగ్గడానికి రోజుకొక మాత్ర రాసింది. చిన్న తెల్ల మాత్ర. పని చెయ్యడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందంది. మాత్ర ఒంటికి ఎలా పడుతుందో తెలిసేదాకా బస్సు నడపొద్దంది. ఆరు వారాల తర్వాత వస్తే చూసి, బస్సు నడపొచ్చని డిపోకి లెటర్ ఇస్తానంది. చివర్లో, కంప్యూటర్లో టైపు చేస్తూ, "ఇంకేమైనా వాడుతున్నారా? హెర్బల్, విటమిన్లు?" అని అడిగింది.

"లేదు," అన్నాను నేను. ప్రశ్న మా ఆవిడని. జవాబు నాది. ఆ రోజుకి అది నిజమే.

ఆ లెటర్ మీదే అంతా ఆధారపడి ఉంది. లెటర్ వస్తే మా ఆవిడ మళ్లీ బస్సు ఎక్కుతుంది. రాకపోతే డిపోలో ఏదో కాగితాల పని చూస్తామన్నారు. "కుర్చీలో కూచోబెడితే నేను చచ్చిపోతానండీ," అంది ఆవిడ ఇంటికి వస్తూ. నేను కుర్చీలోనే పనిచేస్తానన్న సంగతి ఆవిడకి అప్పుడు గుర్తులేదు. నాకు మాత్రం ఉంది.

ఇంటికి రాగానే రెండు నిర్ణయాలు చేశాం. రెండూ తప్పులే.

మొదటిది, ఎవరికీ చెప్పకూడదని. మా ఇంటికి శనివారం వచ్చే నాలుగు కుటుంబాలున్నాయి. బీపీ మాత్ర గురించి టీవీ ముందు కూచుని మాట్లాడుకుంటాం, షుగరు ఎంతుందో పోటీలు పడి చెప్పుకుంటాం. ఇది మాత్రం నోట్లోంచి రాకూడదు. "ఫలానా ఆవిడకి మెంటల్ ప్రాబ్లం అట, బస్సు కూడా తీసేశారట" అన్న మాట మన దుకాణాలుండే పెండిల్ హిల్ దాకా వెళ్లడానికి ఒక బిర్యానీ పార్టీ చాలు.

రెండోది, మందుల సంగతి నేను చూసుకుంటానని. ఆవిడే అడిగింది. "మీకు లెక్క బాగుంటుందిగా. నాకిప్పుడు ఏ రోజో కూడా గుర్తుండట్లేదు."

పాత పోపుల డబ్బా ఒకటి తీశాను. లోపల ఏడు గిన్నెలు, వారానికి ఏడు రోజులు. మధ్య గిన్నె ఆదివారం. పోపుల డబ్బాని షెల్ఫులోంచి తీసి ఎవరూ అనుమానంగా చూడరు. ఫ్రిజ్ మీద పట్టిక ఒకటి అంటించాను. అందులో మందుల పేర్లు రాయలేదు. తె అంటే తెల్లది, పక్కన మిల్లీగ్రాములు. ఉదయం నాడి, సాయంత్రం నాడి, నిద్ర ఎన్ని గంటలు, దడ పదికి ఎంత. శనివారం వచ్చినవాళ్లు అడిగితే వాకింగ్ చార్ట్ అని చెప్పాం. యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్లే మా అమ్మాయి మాత్రం చూసి, "డాడ్, యూ హావ్ టర్న్‌డ్ మమ్ ఇంటు ఎ వేర్‌హౌస్," అంది. నవ్వాం. ఆ పిల్ల తెలుగు అన్నీ అర్థం చేసుకుంటుంది, బదులు మాత్రం ఇంగ్లీషే.

రెండు వారాలు గడిచాయి. దడ గడిలో ఏడు, ఏడు, ఆరు, ఏడు. ఆరు వారాలు పడుతుందని డాక్టరు చెప్పింది. నేను విన్నాను కూడా. కానీ అంకె కదలకపోతే నాకు ఊపిరాడదు. గిడ్డంగిలో రెండు వారాలు కదలని సరుకుంటే దాన్ని కదిలించడం నా పని.

పెండిల్ హిల్‌కి వెళ్లి అశ్వగంధ పొడి తెచ్చాను. అది మందని మా ఇంట్లో ఎవరూ అనుకోరు. మా నాయనమ్మ పాలల్లో కలిపి తాగేది. ఆ తర్వాత, మా దగ్గరి పెద్ద ఫార్మసీలో 'మనసు ప్రశాంతతకి' అని రాసున్న అలమార ముందు అరగంట నిలబడ్డాను. ఏదో పసుపు పువ్వు మొక్కతో చేసిన మాత్రలు. సెయింట్ జాన్స్ వర్ట్ అంటారు. రోజుకి మూడు దాకా వేసుకోవచ్చని సీసా మీద ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో, డాక్టరు రాసిన మందులు వాడుతుంటే ఇది వాటి పనితీరుని మార్చవచ్చు, ముందు డాక్టరుని అడగండి అని కూడా ఉంది.

నేను చదవలేదని ఎవరూ అనుకోవద్దు. చదివాను. చదివి లెక్క వేశాను. మూడు దాకా అన్నారు, నేను ఒక్కటే ఇస్తాను. అంటే మూడో వంతు. అశ్వగంధ చెంచా అన్నారు, అర చెంచా ఇస్తాను. డాక్టరు రాసిన మాత్ర కూడా తక్కువ మోతాదులోదే. ఏదీ దాని హద్దుకి సగం దాటలేదు. అన్నీ హద్దు లోపల ఉన్నప్పుడు మొత్తం హద్దు ఎలా దాటుతుంది? కేకు పొట్లం మీద బాదంపప్పు ఉండవచ్చని రాసినట్టే ఈ హెచ్చరిక కూడా, కంపెనీవాళ్లు వాళ్ల జాగ్రత్త కోసం రాసుకునేది అనుకున్నాను.

మందులిచ్చే కౌంటర్ దగ్గర అడగొచ్చు. పది అడుగుల దూరం. అక్కడ ఆ రోజు డ్యూటీలో ఉన్నది మన తెలుగమ్మాయి. వాళ్లమ్మ మాకు తెలుసు, పండగలప్పుడు కలుస్తుంది. నేను అడిగితే ఆ పిల్ల ఎవరికోసం అంటుంది, ఏ మందుతో అంటుంది. సెల్ఫ్ చెకౌట్‌లో బిల్లు కట్టి బయటికి వచ్చేశాను.

ఇంటికొచ్చి గిన్నెకొక మాత్ర వేసి, మిగిలినవి ఖాళీ డబ్బాలోకి వంపి, సీసాని రీసైక్లింగ్‌కి పెట్టే పసుపు మూత బిన్‌లో వేశాను. ఎవరైనా చూస్తారని అదీ పాల డబ్బా కింద.

ఆ సాయంత్రం మా ఆవిడ గిన్నెలో కొత్త మాత్ర చూసి అడిగింది.

"ఏవండీ, ఇదేంటి, పసుపుగా?"

"ఆకుతో చేసింది. నేచురల్. తొందరగా తగ్గుతుంది."

"డాక్టరుకి చెప్పకుండా వేసుకోవచ్చా?"

"ఫార్మసీలో అడిగాను. పర్లేదన్నారు."

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆవిడకి ధైర్యం కలుగుతుందనుకున్నానేమో. అదీ కాదు. నా పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంది, దాన్ని నింపేశాను. ఆవిడ నీళ్లు తాగి మాత్ర మింగింది. నేను చెప్పిన మాటని ఆవిడ ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ రెండోసారి అడగలేదు.

నాలుగో రోజునుంచి పట్టిక కదిలింది. నేను అనుకున్న దిక్కుకి కాదు. దడ ఏడు నుంచి ఎనిమిదికి వెళ్లింది. నాడి ఎనభై నాలుగు ఉండేది, తొంభై ఎనిమిది. చేతుల వణుకు పెరిగింది. మెడ వెనక చెమట. విరేచనాలు కూడా మొదలయ్యాయి. ఆవిడ బయట తిన్న చాట్ మీద నెపం వేసింది.

మా వెనకింట్లో ఉండే పెద్దాయన ఫిజీ నుంచి వచ్చినవాడు. అక్కడ గొడవలు జరిగాక కుటుంబంతో వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. వాళ్ల తాతలు మన వైపు నుంచే చెరుకు తోటల్లోకి వెళ్లారట. ఆయనకి తెలుగు పది మాటలకి మించి రావు, అవి కూడా వాళ్ల ఆజీ, అంటే నాయనమ్మ, నేర్పినవి. శనివారం మధ్యాహ్నం గరాజులో చాప వేసుకుని, కొబ్బరిచిప్పతో గ్రాగ్ తాగుతాడు. అంటే కావా అనే వేరు పిండిన మత్తు నీళ్లు. నాకెప్పుడూ అవి బురదనీళ్లలాగే కనిపించేవి.

ఆ శనివారం ఫెన్స్ మీదుగా మా ఆవిడని చూశాడు. దండెం మీద బట్టలు ఆరేస్తోంది. క్లిప్పు రెండుసార్లు చేతిలోంచి జారింది.

"అమ్మా, బాగుందా?" అని అడిగాడు తనకొచ్చిన తెలుగులో. తర్వాత నా వైపు తిరిగి, ఎప్పటిలా హిందీ, ఇంగ్లీషు కలిపి, "బేటా, షీ ఈజ్ స్వెటింగ్. ఏదైనా టాబ్లెట్ తీసుకుంటోందా?"

"చిన్న టెన్షన్, అంకుల్."

"టాబ్లెట్ సంగతి అడుగుతున్నా. ఏదైనా ఆకు, వేరు, ఆయుర్వేద్ కలిపిందా?" ఆయన ఫెన్స్ మీద మోచేతులు ఆనించాడు. "మా ఆవిడకి ప్రెజర్ టాబ్లెట్ రాసిన రోజు డాక్టరుకి చెప్పేసింది చూడు, మా ఆయన గ్రాగ్ తాగుతాడు, నాకూ రెండు చిప్పలు పోస్తాడు అని. నాకెంత సిగ్గు! డాక్టర్ ఏమన్నాడు? నో గ్రాగ్ ఫర్ హర్. ఫినిష్. ఇప్పుడు నేను తాగుతుంటే ఆమె టీ తాగుతుంది, నన్ను తిడుతూ."

మా ఆవిడ నవ్వింది. ఆ వారంలో అదొక్కటే నవ్వు. నేనూ నవ్వాను, లోపల ఇంకో రకంగా. చిప్పలో బురదనీళ్లు తాగే మనిషి నాకు మందుల గురించి చెబుతున్నాడని.

ఆదివారం కూచుని పట్టిక మొత్తం చూశాను. ఆందోళన పెరుగుతోంది. ఇది మాత్రం నాకు స్పష్టంగా కనిపించింది. పెరుగుతోందంటే వేసే మోతాదు చాలట్లేదని అర్థం. మూడు దాకా హద్దు, మనం ఒకటి దగ్గరే ఉన్నాం. సోమవారం నుంచి పసుపు మాత్ర రెండు చేశాను.

ఆ లెక్క ఇప్పుడు ఎన్నిసార్లు చూసుకున్నా అందులో కూడికలో తప్పు కనపడదు. అంకెలన్నీ సరైనవే. నాడి నేనే చూశాను, గడియారం పెట్టుకుని. ఆ అంకెలు ఏం చెబుతున్నాయో అది మాత్రం తెలుసుకోలేదు. వణుకు, చెమట, దడ చూసి నేను ఆందోళన అనుకున్నాను. అవి ఆందోళన కాదు. నేను ఇస్తున్నదాని ఫలితం. మంటని చూసి నీళ్లనుకుని కిరసనాయిలు పోస్తున్నాను, కొలిచి మరీ.

మంగళవారం సాయంత్రం మా అమ్మాయి అంది, "డాడ్, షీ ఈజ్ నాట్ యాంగ్షస్. షీ ఈజ్ సిక్."

"రెండూ ఒకటే రా. భయంతో ఒంట్లో అలా అవుతుంది."

"నో. లుక్ ఎట్ హర్ ఫుట్."

మా ఆవిడ సోఫాలో కూచుని ఉంది. కుడి పాదం తనంతట తనే టపటప కొట్టుకుంటోంది. ఆవిడకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. నేను దగ్గరికెళ్లి పాదం పట్టుకున్నాను. నా చేతిలో కూడా కొట్టుకుంది.

బుధవారం మధ్యాహ్నం పని నుంచి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మాయి ఎత్తింది. "కమ్ హోమ్ నౌ," అంది. వెనక మా ఆవిడ ఏదో గొణుగుతోంది. వచ్చేసరికి వంటగదిలో బల్ల పట్టుకుని నిలబడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది, మోకాళ్లు ఊగుతున్నాయి, కళ్లు పెద్దవై ఉన్నాయి. "బస్సు స్టాప్ దాటేశానండీ, వెనక్కి తిప్పాలి," అంది. అంబులెన్సు పిలిచింది కూడా అమ్మాయే. నేను ఫ్రిజ్ మీద నుంచి పట్టిక తీసి జేబులో పెట్టుకున్నాను. ఏం చెయ్యాలో తెలియనప్పుడు కాగితం చేతిలో ఉంటే నాకు కొంచెం నయం.

ఎమర్జెన్సీలో ఒక యువ డాక్టరు చూశాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగిరిపడింది. చీలమండని వెనక్కి వంచి పట్టుకుంటే పాదం ఆగకుండా కొట్టుకుంది. ఏం మందులు వాడుతున్నారన్నాడు. నేను పట్టిక ఇచ్చాను. అందులో మూడు వారాలు, పూటపూటకీ అంకెలు, గీతలు గీసి, రంగులేసి ఉన్నాయి.

ఆయన చాలాసేపు చూశాడు. "ఇంత చక్కగా ఎవరూ రాసి తేరు," అన్నాడు. "పేర్లు ఎక్కడున్నాయి?"

తెల్లదాని పేరు చెప్పాను.

"ఇదేమిటి, ఈ రెండో వరస? సోమవారం నుంచి రెండైంది."

"విటమిన్లు," అన్నాను.

మా ఆవిడ మంచం మీద కళ్లు తెరిచే ఉంది. నేను నిజం చెప్పాలంటే ఆవిడ ముందు చెప్పాలి. ఫార్మసీలో అడగలేదని చెప్పాలి. ఆ రెండు క్షణాల్లో నేను ఎంచుకున్నది ఆవిడ ప్రాణం కాదు, నా పరువు. ఇలా రాస్తే ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. ఇంకోలా రాయడానికి లేదు.

"డాడ్." అమ్మాయి నా చొక్కా పట్టుకుంది. "వాట్ ఈజ్ ద యెల్లో వన్?"

డాక్టరు పెన్ను ఆపి చూస్తున్నాడు. పక్క మంచం దగ్గర ఏదో యంత్రం కూస్తోంది. అప్పుడు చెప్పాను. పసుపు పువ్వు మొక్క పేరు చెప్పాను. రోజుకి రెండు అని చెప్పాను. అశ్వగంధ అర చెంచా అని చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడతాడని ఎదురుచూశాను. "థాంక్యూ. మాకు కావలసింది అదే," అని వెనక్కి తిరిగి నర్సుతో వేగంగా మాట్లాడాడు. సెలైన్ పెట్టారు. రెండు మాత్రలూ, పొడీ ఆపేశారు. నాడికీ జ్వరానికీ తీగలు తగిలించారు.

తెర వేశాక మా ఆవిడ నా వైపు తల తిప్పింది. మాట తడబడుతోంది.

"ఫార్మసీలో అడిగానన్నారుగా."

నేను దుప్పటి అంచు సరిచేశాను. ఆవిడ ఇంకోసారి అడగలేదు. తల అటు తిప్పుకుంది.

మూడు రోజులకి ఇంటికి పంపారు. మొదటి రోజుకే జ్వరం దిగింది, రెండో రోజుకి పాదం ఆగింది. సమయానికి తెచ్చారన్నారు. ఆ మాటకి మా అమ్మాయి నా వైపు చూడలేదు.

తర్వాతి వారం నేను ఫార్మసీకి వెళ్లాను, ఆ పది అడుగులు నడవడానికి. తెలుగమ్మాయి నన్ను పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్లింది. అంతా చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"అంకుల్, నన్నడిగితే రెండు నిమిషాల పని," అంది చివరికి.

"మీ అమ్మగారికి తెలుస్తుందేమోనని..."

"మా అమ్మకా!" నవ్వింది, కానీ సరదాగా కాదు. "నేను రోజూ వేసుకునే మాత్ర సంగతే మా అమ్మకి తెలీదంకుల్. మీది చెప్తానా? చెప్తే నా లైసెన్స్ పోతుంది."

ఆమె ఒక కాగితం లాక్కుని గీసింది.

"డాక్టరిచ్చిన మాత్ర మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచుతుంది. ఈ పసుపు మాత్ర కూడా అదే పని చేస్తుంది. రెండిటి పనీ ఒకటే, కలిస్తే అది మితిమీరి వణుకూ జ్వరమూ తెస్తుంది. మీరు ఇందులో మూడో వంతు, అందులో సగం అని విడివిడిగా చూశారు. సీసా మీద హద్దు ఒంటరిగా వేసుకునేవాళ్లకి, అంకుల్. పక్కన ఇంకోటి ఉంటే ఆ హద్దుకి అర్థం లేదు."

"అశ్వగంధ?"

"అదీ చెప్పాలి. మత్తు పెంచొచ్చు. థైరాయిడ్‌కీ షుగర్‌కీ మాత్రలు వాడేవాళ్లకి తేడా చేయొచ్చు. కొందరికి లివర్‌కి పడదు. ఆంటీ బస్ నడుపుతారు, ఆవిడకి మత్తనేదే రాకూడదు కదా."

"మరి ఏది దేనితో వేసుకోవచ్చో ఒక పట్టిక రాసిస్తావా అమ్మా?"

"లేదంకుల్." ఈసారి కొంచెం గట్టిగానే అంది. "పట్టిక ఇస్తే మళ్లీ మీరు ఇంట్లో కూచుని కలుపుతారు. ఒకళ్లకి పడింది ఇంకొకళ్లకి పడదు. ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచీలో వేసుకుని రండి. పొడులు, కషాయాలు, ఇండియా నుంచి తెచ్చినవి, అన్నీ సీసాలతో సహా. కొత్తది ఏదైనా మొదలుపెట్టే ముందు నన్నో డాక్టరునో అడగండి. ఆంటీకి ఏదైనా తేడా అనిపిస్తే పెంచకండి, ఫోన్ చెయ్యండి. డాక్టరు రాసింది మీ అంతట మీరు ఆపకండి కూడా. ఆసుపత్రివాళ్లు ఆపమన్నారు కాబట్టి ఇప్పుడు ఆపారు, మళ్లీ ఎప్పుడు మొదలో వాళ్లే చెప్తారు."

సంచీ తీసుకెళ్లాను. పదకొండు వస్తువులు తేలాయి. నేను లెక్కపెట్టుకున్నవి మూడు.

ఆరు వారాల్లో రావలసిన లెటర్ రాలేదు. ఆసుపత్రి కాగితాలు జీపీకి చేరాయి, ఆవిడ మొదటి నుంచి మొదలుపెట్టాలంది. మరికొన్ని వారాలు ఏ మందూ లేకుండా, తర్వాత మళ్లీ చిన్న మోతాదుతో. డిపోలో మా ఆవిడని కాగితాల గదిలో వేశారు. మే, జూన్, జులై. డ్యూటీ రోస్టర్లు టైపు చేసి ఇంటికొచ్చేది. ఎవరో నడిపే బస్సుల టైములు. శనివారం వచ్చే నాలుగు కుటుంబాలకీ ఎలాగూ తెలిసిపోయింది. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "మా ఇంట్లో కూడా అదే మాత్ర, అన్నయ్యా. రెండేళ్లయింది," అన్నాడు. ఇంకొకాయన నెల పోయాక ఫోన్ చేసి తనకీ ఉందన్నాడు. నాలుగిళ్లలో రెండిళ్లు. ఎవరి అలమారలో వాళ్లు దాచుకుని, ఎవరికి తోచింది వాళ్లు కలుపుకుంటున్నాం. ముందే ఒకళ్లు నోరు విప్పి ఉంటే బాగుండేదని అనుకున్నాను. నేనూ ఆ ఒకళ్లలో ఒకణ్ణే.

మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టింది, నా చొక్కాలు ఇస్త్రీ చేసింది, అమ్మాయి యూని కబుర్లు చెప్పింది. ఆసుపత్రి గురించి అడిగినవాళ్లకి "మందు పడలేదు" అని చెప్పింది. నన్ను కాపాడింది. అది తిట్టడం కంటే ఎక్కువ బాధపెట్టింది.

ఆగస్టులో జీపీ దగ్గర చివరి పరీక్షకి వెళ్లాం. నేనే కారులో తీసుకెళ్లాను. ఆవిడతో పాటు లోపలికి వెళ్లి అలవాటుగా పక్క కుర్చీలో కూచున్నాను. జీపీ కంప్యూటర్ చూస్తూ అడిగింది.

"ఇంట్లో మీ మందులు ఎవరు చూసుకుంటారు?"

నేను నోరు తెరిచాను.

"నేనే," అంది మా ఆవిడ. నా వైపు తిరిగి, మెల్లగా, తెలుగులో అంది. "ఏవండీ, మీరు కాసేపు బయట కూచోండి."

బయట కూచున్నాను. నలభై నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకుని ఆవిడ వచ్చింది. చేతిలో ఒక కవరు ఉంది. నన్ను దాటి నడిచి, కారు దగ్గరికి వెళ్లి, తాళాల కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. స్టీరింగ్ వెనక కూచుని అద్దం సరిచేసుకుంది. మార్చి తర్వాత మొదటిసారి.

"ఏమంది?"

"సోమవారం నుంచి వెళ్లొచ్చంది. మొదటి వారం ఒక ట్రైనర్ పక్కన ఉంటాడు."

"మంచిది. మాత్ర అదేనా? మోతాదు మార్చిందా?"

ఆవిడ రివర్స్ తీస్తూ వెనక్కి చూసింది. బండి సాఫీగా కదిలింది.

"అది నేనూ డాక్టరూ చూసుకుంటాం లెండి," అంది.

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. బెల్టు పెట్టుకుని, పక్క సీట్లో కూచున్నాను.